ఏటికి ఎదురెక్కే బియ్యం బస్తా

మహాకం నది ఎగువన ఉన్న ఊళ్లలో బియ్యం ధర తెలుసుకోవాలంటే ముందు ఏటి వంక చూడాలి. నీళ్లు నిండుగా, నిలకడగా పారుతుంటే ఒక ధర. నడి ఏట్లో రాళ్లు తేలితే ఇంకో ధర. వారాల తరబడి వాన పడకపోతే ధర అడిగి కూడా లాభం లేదు, కొట్లో సరుకే ఉండదు.

ఇండోనేషియాకు చెందిన తూర్పు కాలిమంతాన్ రాష్ట్రంలో పారే నది ఇది. బోర్నియో దీవి నడిబొడ్డున ముల్లర్ పర్వతాల్లో పుట్టి, 900 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మకస్సార్ జలసంధిలో కలుస్తుంది. సముద్రానికి దగ్గర్లో రాష్ట్ర రాజధాని సమరిండా ఉంది. అక్కడి రేవులో బయల్దేరిన ప్రయాణికుల పడవ 523 కిలోమీటర్లు ఎదురెక్కి లోంగ్ బాగున్ చేరడానికి ఒకటిన్నర రోజు పైనే పడుతుంది, అదీ ఏరు సహకరిస్తేనే. నీళ్లు తగ్గితే ఆ పడవ సగం దారిలోనే నిలిచిపోతుంది. లోంగ్ బాగున్ దాటాక పెద్ద పడవ పోలేదు. రాళ్ల మీదుగా ఏరు దూకే ఉరవళ్లు మొదలవుతాయి. వాటికి అవతల లోంగ్ పహాంగాయ్, ఇంకా పైన మలేషియా సరిహద్దును ఆనుకుని లోంగ్ అపారి. ఈ ప్రాంతాన్నంతా పశ్చిమ కుతాయ్ నుంచి విడదీసి 2013 నాటి చట్టంతో మహాకం ఉలు అనే జిల్లా చేశారు. నేల 15 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. అంటే మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకు తక్కువ కాదు. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 32 వేల చిల్లర, మన దగ్గర ఒక చిన్న మండలంలో ఉండేపాటి. బహావు, కయాన్, కెన్యాహ్, ఆవోహెంగ్ తదితర దయాక్ తెగల వాళ్లు ఎక్కువ. వ్యాపారంలో మాత్రం దిగువనుంచి వచ్చిన బంజార్, బుగిస్ వాళ్ల చెయ్యి పెద్దది.

ఇలాంటి చోట్ల గురించి రాసేటప్పుడు ‘మారుమూల’ అనే మాట వెంటనే కలంలోకి వస్తుంది. మార్కెట్ అందని చోటు, ప్రపంచంతో పొత్తు లేని చోటు అన్న అర్థంలో వాడేస్తుంటాం. మహాకం విషయంలో అది పొరపాటు. ఈ ఊళ్లకు ప్రపంచ మార్కెట్‌తో ఉన్న లంకె వందల ఏళ్ల నాటిది. అగరు చెక్క, పక్షి గూళ్లు, పేము, దుంగలు, బంగారం, ఇప్పుడు బొగ్గు, ఏ కాలంలో లోకానికి ఏది కావలసి వస్తే అది ఈ ఏటి వెంట దిగిపోతూనే ఉంది. చిక్కంతా సరుకు నడిచే దిశలో ఉంది. ఎగువ మనిషి అమ్మే సరుకుకు ధర దిగువన ఖరారవుతుంది. అందులోంచి పడవ ఖర్చు తీసేసి మిగిలింది అతని చేతిలో పెడతారు. అతను కొనే సరుకుకూ ధర దిగువనే ఖరారవుతుంది. దానికి పడవ ఖర్చు కలిపి అతని దగ్గర వసూలు చేస్తారు. ఒకే ఏరు, ఒకే దూరం. కానీ ఆ దూరపు బరువు అమ్మినప్పుడూ అతని మీదే, కొన్నప్పుడూ అతని మీదే. ఎగువ జీవితంలో కనిపించే దాదాపు ప్రతి సంగతికీ మూలం ఈ లెక్కలోనే దొరుకుతుంది.

భాషలో కూడా ఈ వాలు కనిపిస్తుంది. అక్కడి పల్లెల్లో దారి చెప్పేటప్పుడు తూర్పు పడమరలకన్నా ‘హులు’, ‘హిలిర్’ అనే మాటలే ఎక్కువ పలుకుతాయి. ఎగువ, దిగువ అని. ‘లోంగ్’ అంటే ఉపనది వచ్చి కలిసే చోటు. ఊళ్ల పేర్లలో సగం దాంతోనే మొదలవుతాయి, ఎందుకంటే ఊరు కట్టేది ఏరు ఏరు కలిసే దగ్గరే. పండగకు నగరాలు ఖాళీ చేసి సొంతూళ్లకు పోవడాన్ని ఇండోనేషియా అంతటా ‘ముదిక్’ అంటారు. ఆ మాటలో ఉన్నది ‘ఉదిక్’, అంటే ఏటి ఎగువ. అదే ‘ఉదిక్’ను నగరంలో ఎవరినైనా అంటే మాత్రం అది ఎకసెక్కం: నాగరికం తెలియని పల్లెటూరి బైతు అని అర్థం. ఇంటికి పోవడానికీ, వెనకబాటుకూ ఒకే మాట సరిపోయిందంటే, దిగువ వాళ్ల కళ్లకు ఎగువ ఎలా ఆనిందో తెలుస్తూనే ఉంది.

లోంగ్ బాగున్‌కు ఎగువన ఉన్న ఉరవళ్లను అక్కడివాళ్లు ‘రియామ్’ అంటారు. రియామ్ ఉదాంగ్, రియామ్ పాంజాంగ్ వాటిలో పేరుమోసినవి. ఉదాంగ్ అంటే రొయ్య, పాంజాంగ్ అంటే పొడుగు. పేర్లు సాధువుగా ఉన్నా, వాటిలో పడవలు పగిలిన ఉదంతాలకూ, మనుషులు పోయిన ఉదంతాలకూ లోటు లేదు. వాటిని దాటించేవి సన్నటి పొడుగాటి పడవలు, వెనక బలమైన ఇంజన్లు రెండు మూడు బిగించి ఉంటాయి. సరంగును అక్కడ ‘మోటోరిస్’ అంటారు. అతను వెనక కూర్చుంటాడు, ముందున్న నీళ్లు అతనికి సరిగ్గా కనిపించవు. పడవ ముక్కు దగ్గర గెడ పట్టుకుని ఇంకో మనిషి నిలబడతాడు. నీటి మీద మడత ఎక్కడ పడుతోంది, నురగ ఎక్కడ విడుతోంది, రాయి ఎంత లోతున ఉంది అనేది అతను చూసి చేత్తో సైగ చేస్తే, ఆ సైగనుబట్టి వెనక ఇంజను తిరుగుతుంది. ఉరవడి గట్టిగా ఉన్న చోట ప్రయాణికులు దిగి ఒడ్డున రాళ్ల మీద నడుస్తారు. అవసరమైతే సామాను దించి మోస్తారు, ఖాళీ పడవకు తాడు కట్టి లాగుతారు. అవతల మళ్లీ ఎక్కించుకుని తరవాతి రియామ్ దాకా పోతారు.

నీళ్లు తక్కువైతే రాళ్లు తేలి పడవ పోదు. మరీ ఎక్కువైతే సుడులు లేచి పడవ పోదు. మధ్యస్థంగా ఉన్న రోజుల్లోనే దారి తెరుచుకుంటుంది. బోర్నియో కొండల్లో వాన పడితే ఒక్క రాత్రిలో ఏరు మీటర్ల లెక్కన లేస్తుంది, అంత వేగంగానే తగ్గుతుంది. కాబట్టి సరుకుతో బయల్దేరిన పడవ లోంగ్ బాగున్‌లో ఎన్ని రోజులు కాచుకోవాలో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ కాచుకున్న రోజుల తిండి, కూలి కూడా బస్తా మీదే పడతాయి.

ఆ బస్తా ప్రయాణం ఒకసారి వరసగా చూడాలి. సమరిండా గోదాములో కూలీ భుజానికెత్తుకుంటాడు. పెద్ద పడవలోకి ఒకసారి. లోంగ్ బాగున్‌లో నీటి మీద తేలే తెప్ప మీదికి ఒకసారి. తెప్ప మీంచి పొడుగు పడవలోకి. రియామ్ దగ్గర దింపుడు, ఎక్కింపుడు. ఊరి రేవులో మళ్లీ దింపుడు. అక్కడినుంచి ఒడ్డు మీదికి మెట్లు, వేసవిలో ఏరు కిందికి పోతే ఆ మెట్లు రెట్టింపు. అడుగడుగునా ఒక చెయ్యి మారుతుంది, ఒక కూలి కలుస్తుంది. వీటన్నిటికన్నా పెద్ద ఖర్చు పెట్రోలు. వరదకు ఎదురు నడిచే ఇంజన్లు దాన్ని నీళ్లలా తాగుతాయి. ఆ పెట్రోలూ దిగువనుంచే డ్రమ్ముల్లో ఎక్కి రావాలి, అంటే పెట్రోలు మొయ్యడానికి కూడా పెట్రోలు కావాలి. పసిఫిక్‌లో ఎల్ నినో వచ్చిన 2015, 2019, 2023 లాంటి ఏళ్లలో ఏరు ఎండి రవాణా చిక్కుల్లో పడింది, ధరలు కొండెక్కాయి. 2024 మే నెలలో ఇందుకు పూర్తి తలకిందులు: మహాకం పొంగి జిల్లా కేంద్రం ఊజో బిలాంగ్ సహా ఊళ్లకు ఊళ్లు మునిగాయి. కరువులో బియ్యం రాదు, వరదలో వచ్చిన బియ్యం మిగలదు.

ఇంత ఖరీదు పెట్టి కొనేదే అయితే ఈ ఊళ్లు ఇన్నాళ్లు నిలిచేవి కావు. నిలబెట్టింది పోడు. అక్కడ దాన్ని ‘లాదాంగ్’ అంటారు. అడవిలోనో, పాత బీడులోనో ఒక చెక్క ఎంచుకుని నరుకుతారు. ఎండాక ఆగస్టు, సెప్టెంబరుల్లో కాలుస్తారు. వానలు అందుకునే వేళకు, సెప్టెంబరు, అక్టోబరుల్లో మెట్ట వరి విత్తుతారు. ఫిబ్రవరి, మార్చిల్లో కోత. ఒకటి రెండు పంటలు తీశాక ఆ నేలను ఏళ్ల తరబడి బీడుగా వదిలేస్తారు. మళ్లీ చెట్లు లేచి, ఆకు రాలి, నేల తేరుకున్నాకే తిరిగి అక్కడికి వస్తారు. మన గోదావరి కొండల్లో కొండరెడ్ల పోడు చూసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు.

విత్తే రోజు చూడవలసిందే. దాన్ని ‘నుగల్’ అంటారు. మగవాళ్లు వరసగా నిలబడి, కొన తేల్చిన కర్రలు పట్టుకుని ఏటవాలు నేల మీద పైకి ఎక్కుతూ గుంటలు పొడుస్తూ పోతారు. బూడిద పైన, మట్టి కింద, కర్ర దిగినప్పుడల్లా టప్ టప్ అని ఒకే లయ. వెనక ఆడవాళ్లు బుట్టల్లోంచి గుప్పెడు తీసుకుని ఒక్కో గుంటలో నాలుగైదు గింజలు వేళ్ల సందుల్లోంచి జారవిడుస్తారు. చేయి ఆగదు, చూపు గుంట మీంచి చెదరదు. ఒక్క కుటుంబంతో ఇది అయ్యే పని కాదు. ఈ రోజు మీ చేలో అందరం, రేపు మా చేలో అందరం. కెన్యాహ్ వాళ్లు ఈ పద్ధతిని ‘సెంగుయున్’ అంటారు. డబ్బు చేతులు మారదు, భోజనం మాత్రం ఆ చేను వాళ్లదే. విత్తు పడ్డాక బహావు, కయాన్ ఊళ్లలో ‘హుదోక్’ ఆడతారు. అరటాకులు ఒళ్లంతా చుట్టుకుని, పెద్ద చెవులు, పొడుగు ముక్కులు ఉన్న చెక్క ముఖాలు పెట్టుకుని, చీడపీడలను తరిమి వరి ప్రాణాన్ని పిలిచే ఆట అది. ఏటా అక్టోబరు ప్రాంతంలో మహాకం ఉలు జిల్లా దాన్ని పెద్ద ఉత్సవంగానే జరుపుతోంది.

ఈ పోడు దిగుబడి మన మాగాణి పక్కన పెడితే బొత్తిగా తక్కువ. అందుకే జకార్తాలో లెక్కలు వేసే వాళ్లకు అది దండగ సేద్యంలా కనిపిస్తుంది. ఆ పోలికే తప్పు. లోంగ్ అపారిలో పండిన బస్తా వడ్లను జావా మాగాణిలో పండిన బస్తాతో కాదు, లోంగ్ అపారి రేవులో దిగిన బస్తా ధరతో పోల్చాలి. ఇంటి వెనక గాదెలో ఉన్న వడ్లు ఏరు ఎక్కనక్కర్లేదు, రియామ్ దాటనక్కర్లేదు, పెట్రోలు తాగవు. నది ఎండిన నెలలో వాటి విలువ రూపాయల్లో చెప్పలేం. అదనంగా ఇంకో మేలుంది. తిండి ఇంట్లో ఉన్న మనిషి అడవి సరుకును ఇవాళే తెగనమ్మవలసిన పనిలేదు. ధర బాగా లేదంటే ఆగగలడు. పోడు అతనికి తిండే కాదు, బేరం ఆడే బలం కూడా.

ఆ బలం మీద దెబ్బ పడింది ఎక్కడో పెట్టిన మంటల వల్ల. 2015లో ఇండోనేషియా అంతటా సుమారు 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. కుళ్లిన మొక్కల పొరలు పేరుకుని ఏర్పడే పీట్ నేలలను ఎండగట్టి తోటలు వేసిన చోట్ల నెలల తరబడి రాజుకున్న ఆ మంటల పొగ సింగపూర్, మలేషియాల్ని ముంచెత్తింది. ప్రభుత్వం కళ్లెర్రజేసింది, పోలీసులు, సైనికులు ఊళ్లలోకి వచ్చి ఎవరూ నిప్పు పెట్టకూడదన్నారు. నిజానికి 2009 నాటి పర్యావరణ చట్టమే, స్థానిక విత్తనాలు వేసుకునే కుటుంబం ఆనవాయితీ ప్రకారం రెండు హెక్టార్ల దాకా కాల్చుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. చట్టంలో ఉన్నది చేలో నిలబడ్డ పోలీసుకు తెలియకపోతే రైతుకు ఒరిగేది లేదు. పక్కనున్న పశ్చిమ కాలిమంతాన్‌లో సింతాంగ్ జిల్లా పోడు రైతులు ఆరుగురిని కోర్టుకీడ్చారు. వేలమంది దయాక్ జనం కోర్టు ముందు గుమిగూడారు. 2020 మార్చిలో ఆ ఆరుగురూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఈలోగా కాలిమంతాన్ అంతటా ఎన్ని కుటుంబాలు భయపడి పోడు మానేశాయో లెక్కేసిన వాళ్లు లేరు. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. ఉక్క వాతావరణంలో మెట్ట వరి విత్తనం ఎక్కువకాలం నిలవ ఉండదు. రెండేళ్లు వరసగా విత్తకపోతే తాతల నాటి రకం చేజారిపోతుంది. మళ్లీ మొదలుపెడదామన్నా విత్తు ఉండదు, కొట్టుకు పోవాల్సిందే. అలా ఆగిపోయిన ప్రతి పోడూ ఒక కుటుంబాన్ని ఏటి నీటిమట్టానికి కట్టిపడేస్తుంది.

ఇక దిగువకు పోయే సరుకు సంగతి. దాని చరిత్ర తవ్వితే తెలుగువాడికి పరిచయమైన అక్షరాలే ఎదురవుతాయి. నది నడిమి భాగంలో మువారా కామన్ అనే కూడలి దగ్గర రాతి యూపస్తంభాలు, అంటే యజ్ఞాల్లో నాటే స్తంభాలు, దొరికాయి. సుమారు 5వ శతాబ్దం నాటివి, ఇండోనేషియాలో దొరికిన రాతల్లో అతి పాతవి. భాష సంస్కృతం, లిపి పల్లవ లిపి. దక్షిణ బ్రాహ్మి నుంచి వచ్చిన మన తెలుగు లిపికి అది దాయాది. మూలవర్మ అనే రాజు బోలెడు బంగారంతో యజ్ఞం చేశాడనీ, బ్రాహ్మణులకు 20 వేల గోవులు దానం ఇచ్చాడనీ వాటి మీద చెక్కి ఉంది. రాజు తండ్రి అశ్వవర్మ, తాత కుండుంగ. తాతది పూర్తిగా స్థానికమైన పేరు. సముద్రానికి అంత లోపల, అంత దట్టమైన అడవిలో ఒక రాజ్యం నిలబడటం ఏటి వ్యాపారం లేకుండా సాధ్యం కాదు. తరవాతి శతాబ్దాల్లో కుతాయ్ సుల్తానులు చేసింది కూడా ఏటి మెడ దగ్గర కూర్చోవడమే. పైనుంచి దిగే అడవి సరుకు మీద సుంకం, కిందినుంచి ఎక్కే ఉప్పు మీద గుత్తాధిపత్యం.

ఉప్పు దగ్గర కాస్త ఆగాలి. ఎగువ కొండల్లో అన్నీ దొరుకుతాయి, సముద్రపు ఉప్పు దొరకదు. ఇంకా లోపల, మహాకం పరీవాహకానికి ఉత్తరాన అపో కయాన్ పీఠభూమిలో ఉండే కెన్యాహ్ జనం ఉప్పు, బట్ట, ఇనుము కోసం నెలల తరబడి నడిచిపోయి తెచ్చుకునేవారు. 1960, 70 దశకాల్లో ఊళ్లకు ఊళ్లు ఆ పీఠభూమి వదిలి కిందికి దిగాయి. మహాకం ఒడ్డున వాళ్లు కొత్త ఊళ్లు కట్టుకున్నారు. సరుకులు, బడి, వైద్యం, వాళ్లు చెప్పే కారణాలు ఇవే. ఉప్పు పైకి రాలేకపోతే ఊరే కిందికి దిగింది. దిగువ ధరకూ ఎగువ ధరకూ మధ్య తేడా మనుషుల్ని ఎంతదూరం కదిలించగలదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఎగువనుంచి దిగిన సరుకుల్లో ఇంటిల్లిపాదికీ అచ్చొచ్చినది పేము. నది నడిమి భాగంలో ఉండే బెనువాక్ జనం అడవిలో దొరికే పేముతో సరిపెట్టుకోలేదు, దాన్ని సాగు చేశారు. వాళ్ల తెలివి గమనించదగ్గది. పోడులో వరితో పాటే పేము మొలకలు నాటతారు. వరి కోసేసి నేలను బీడుగా వదిలినప్పుడు చెట్లు లేస్తాయి, ఆ చెట్లను పట్టుకుని పేము పైకి పాకుతుంది. ఏడెనిమిదేళ్లకు, పదేళ్లకు కోతకొస్తుంది. ఒక తీగ కోస్తే పక్క పిలకలు పెరుగుతాయి, కొన్నేళ్లకు మళ్లీ కోయొచ్చు. కోయకపోతే చెడిపోదు, ఇంకా పొడుగు పెరుగుతుంది. పిల్ల పెళ్లి, పిల్లాడి చదువు, ఇంట్లో జబ్బు, అవసరం వచ్చినప్పుడు కోసుకోవచ్చు. బీడుగా కనిపించే ఆ నేల నిజానికి ఆ కుటుంబానికి బ్యాంకు ఖాతా. అధికారి కంటికి అది ‘వాడకంలో లేని భూమి’గా కనిపిస్తుంది. గనులకూ ఆయిల్ పామ్ తోటలకూ భూమి వెతికేటప్పుడు ఈ ఒక్క పొరపాటు ఎంత అన్యాయానికి దారి తీసిందో చెప్పనలవి కాదు.

ఆ ఖాతా విలువ పడిపోయింది ఒక సర్కారు ఉత్తర్వుతో. జావాలో ఉన్న ఫర్నిచర్ పరిశ్రమకు ముడిసరుకు చవగ్గా అందాలని 2012 జనవరి నుంచి ముడి పేము ఎగుమతిని ఇండోనేషియా నిషేధించింది. 1980 దశకంలోనూ ఇలాంటి నిషేధాలు పెట్టిన దేశమే. విదేశీ కొనుగోలుదారు పోయాడు, మిగిలిన కొద్దిమంది ఎంత ఇస్తే అంత. కోత కూలి, పడవ ఖర్చు పోగా ఏమీ మిగలకపోతే పేము కోయడమెందుకు? తోటలు అడవిలో కలిశాయి, కొన్ని చేతులు మారాయి. కుర్చీ తయారుచేసే ఊరికి మేలు చెయ్యడానికి పేము పెంచే ఊరి జేబు కోశారు. ఖర్చు మళ్లీ ఎగువ వాడికే.

అగరుది వేరే కథ. ఒక జాతి చెట్టుకు శిలీంధ్రం పట్టినప్పుడు లోపల నల్లటి సువాసన చెక్క ఏర్పడుతుంది. అన్ని చెట్లలోనూ ఉండదు, నరికి చూస్తే గానీ తెలియదు. అందుకని వెతికే గుంపులు వారాల తరబడి అడవిలో తిరుగుతాయి. బియ్యం, పొగాకు, పెట్రోలు షావుకారు అప్పు మీద ఇస్తాడు. చెక్క దొరికితే అతనికే, అతను కట్టిన ధరకే అమ్మాలి. దొరక్కపోతే అప్పు మిగులుతుంది, మళ్లీ అడవికి పోవాలి. ఈ షావుకార్లను పూర్తిగా రాక్షసుల్లా చూపించడం కూడా సరికాదు. బ్యాంకు అడుగుపెట్టని చోట రియామ్ దాటి అప్పు తెచ్చిచ్చేది వాళ్లే. కానీ అప్పిచ్చేవాడూ కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు ధర ఎవరి చేతిలో ఉంటుందో మన పత్తి, మిర్చి రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇటీవలి ఏళ్లలో ఊళ్లలో కిటికీలు లేని పొడుగాటి కట్టడాలు లేచాయి. లోపల స్పీకర్లలో పక్షుల కూతలు రాత్రింబవళ్లు మోగుతుంటాయి. లాలాజలంతో గూడు కట్టే పక్షుల్ని రప్పించుకుని ఆ గూళ్లను చైనా మార్కెట్‌కు అమ్మే వ్యాపారం అది. గూడు బరువు ఉండదు, విలువ మాత్రం ఎక్కువ. పడవ ఖర్చు పెద్దగా తగలని సరుకులు ఎగువకు ఎందుకు అచ్చొస్తాయో దీన్నిబట్టి చెప్పొచ్చు. అయితే కట్టడం లేపే పెట్టుబడి ఉన్నవాడికే ఆ ఆదాయం.

బరువైన సరుకుల చరిత్ర మాత్రం ఊళ్ల చేతిలో లేదు. 1960 దశకం చివర కొన్నేళ్లు ‘బంజీర్ కాప్’ నడిచింది. గొడ్డళ్లతో దుంగలు నరికి, వరద వచ్చినప్పుడు ఏట్లోకి వదిలి, దిగువన పట్టి అమ్మడం. ఊరి మనిషి చేతికి మొదటిసారి పెద్ద మొత్తాలు వచ్చిన కాలం అది. 1970 నాటి నిబంధనలతో నరికే హక్కు పెద్ద కంపెనీల లీజులకు పోయింది, గొడ్డలి పట్టిన వాడు తన అడవిలోనే దొంగ అయ్యాడు. దుంగల ఎగుమతిని 1985లో ఆపేశారు, సమరిండా చుట్టూ ప్లైవుడ్ మిల్లులు లేచాయి. నరికి పలచబడిన అడవికి నిప్పు సులువుగా అంటుకుంటుంది. 1997–98 కరువులో ఒక్క తూర్పు కాలిమంతాన్‌లోనే 50 లక్షల హెక్టార్లకు పైగా కాలింది. తరవాత బొగ్గు వచ్చింది. ఇప్పుడు నది నడిమి, దిగువ భాగాల్లో ఒకదాని వెనక ఒకటి బొగ్గు బార్జీలు పోతుంటాయి. ఒక్కోదానిలో ఏడెనిమిది వేల టన్నులు. నది ముఖద్వారం అవతల సముద్రంలో లంగరేసిన పెద్ద ఓడల్లోకి ఆ బొగ్గు ఎక్కి చైనాకు, భారత్‌కు పోతుంది. మన కృష్ణపట్నం రేవులో దిగే విదేశీ బొగ్గులో ఇండోనేషియాది పెద్ద వాటా. దిగే బార్జీలో వేల టన్నులు, ఎక్కే పొడుగు పడవలో మహా అయితే కొన్ని టన్నులు. ఒకే నది మీద ఈ రెండూ పక్కపక్కనే పోతుంటే, ఎవరి సరుకు కోసం ఏటిని చదును చేశారో, ఎవరి సరుకును రాళ్ల మధ్య వదిలేశారో వేరే చెప్పనక్కర్లేదు. నడిమి భాగపు జాలరులకు బార్జీల వల్ల వలలు తెగడం ఒక బాధ. మహాకంలో వంద కూడా మిగలని ఇరావడి డాల్ఫిన్లది ఇంకో బాధ.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందనడం న్యాయం కాదు. 2014 నాటి పల్లె చట్టం తరవాత, 2015 నుంచి జకార్తా ఖజానా నుంచి నేరుగా ప్రతి ఊరికీ నిధులు పోతున్నాయి. మొదటి ఏడాది 20 లక్షల కోట్ల రుపియాలు, 2019 నాటికి 70 లక్షల కోట్లు, దేశంలోని 74 వేలకు పైగా ఊళ్లకు. ఆ పంపకంలో భౌగోళిక కష్టాన్ని కూడా ఒక లెక్కగా చూస్తారు, అది మెచ్చుకోదగ్గ విషయమే. ఎగువ ఊళ్లలో సిమెంటు దారులు, సౌర దీపాలు, ఊరుమ్మడి పడవలు వచ్చాయి. కానీ డబ్బు ఏరు ఎక్కడం తేలిక, సిమెంటు ఎక్కడమే కష్టం. దిగువన కిలోమీటరు దారి పడే నిధితో ఎగువన అందులో ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు. పెట్రోలు, డీజిల్ దేశమంతా ఒకే ధరకు అమ్మాలన్న విధానం 2016 చివర్లో మొదలైంది. బంకు ఉన్న చోట అది అమలవుతుంది, బంకు దాటి డ్రమ్ముల్లోకి ఎక్కాక ధర మళ్లీ ఏటిదే. లోంగ్ పహాంగాయ్ దగ్గర దాతా దావాయ్ విమానాశ్రయానికి సబ్సిడీ మీద చిన్న విమానం నడుస్తుంది, పట్టేది పన్నెండు మంది లోపే. కాన్పు కష్టమైన తల్లికీ, పాము కరిచిన మనిషికీ అదే ఆశ, సీటు దొరికితే, మబ్బు కమ్మకపోతే.

రోడ్డు పనులు ఏళ్లుగా సాగుతున్నాయి. కలప కంపెనీల మట్టి దారుల్ని కలుపుతూ ఊజో బిలాంగ్ మీదుగా పైకి పోతోంది. వాన పడితే చక్రం దిగబడుతుంది. దూరాన కూర్చుని అడవి ప్రేమతో రోడ్డు వద్దనేవాళ్లు ఒక రాత్రి రియామ్ ఒడ్డున నీళ్లు తగ్గేదాకా రోగిని పెట్టుకుని కూర్చున్న కుటుంబాన్ని తలుచుకోవాలి. ఊళ్లవాళ్లు రోడ్డు కావాలంటున్నారు, వాళ్లకు ఆ హక్కు ఉంది. అయితే రోడ్డు మీద బియ్యం లారీ ఎక్కినట్టే దుంగల లారీ దిగుతుంది. ఆ అడవి ఎవరిదో ముందు తేలకుండా రోడ్డు ముందొస్తే, పేము తోటలకు పట్టిన గతే మిగతా బీళ్లకూ పడుతుంది. తెగలు ఆనవాయితీగా అనుభవించే ఆచార అడవులు ప్రభుత్వ అడవులు కావని 2013 మేలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. తీర్పు వచ్చి పదేళ్లు దాటినా గుర్తింపు పత్రాలు నత్తనడకనే వస్తున్నాయి. రోడ్డుకు పెట్టే శ్రద్ధలో పదోవంతు ఆ పత్రాల మీద పెట్టినా, పోడు వడ్లను ఊళ్లోనే కొని ఎండాకాలానికి ముందే గాదెల్లో నిలవ చేసినా, ఎగువ బతుకు ఇంత నీటిమట్టం మీద ఆధారపడదు.

అదనపు ఖర్చు లేకుండా ఈ ఏరు ఎక్కగలిగింది ఒక్కటే ఉంది: కబురు. సెల్ టవర్లు, 2024 నుంచి ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ అందించే స్టార్‌లింక్ పళ్లాలు ఎగువకు చేరుతున్నాయి. అగరు చెక్క ఇవాళ సమరిండాలో ఎంత పలుకుతోందో ఊళ్లోనే తెలుస్తుంది. షావుకారు చెప్పిందే ధర అనే రోజులు కొంత సడలాయి. ధర తెలియడం వేరు, ఆ ధర పలికే చోటికి సరుకు చేర్చే పడవ ఉండటం వేరు అనేది నిజమే. అయినా తెలిసి మోసపోవడానికీ తెలియక మోసపోవడానికీ మధ్య తేడా చిన్నది కాదు.

అన్నిటికన్నా పెద్ద కదలిక బడి వల్ల వస్తోంది. చిన్న తరగతులు ఊళ్లో ఉంటాయి. పెద్ద చదువుకు లోంగ్ పహాంగాయ్, ఊజో బిలాంగ్, అక్కడినుంచి సమరిండా. తల్లిదండ్రులు పేము కోసి, అగరు వెతికి, గూళ్లు అమ్మి పిల్లల్ని దిగువకు పంపుతున్నారు. ఆ నిర్ణయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఇండోనేషియా బడి సెలవులు జూన్, జూలైల్లో ఒకసారి, డిసెంబరు చివర ఒకసారి. పోడులో విత్తేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. క్రిస్మస్‌కు పిల్లలు ముదిక్ పడవెక్కి, బియ్యం బస్తాల మధ్య కూర్చుని, రియామ్ దగ్గర దిగి నడిచి ఇల్లు చేరేసరికి వరి అప్పటికే మోకాలెత్తు దాటి ఉంటుంది. గుంటలు పొడిచిన చప్పుడు వాళ్లు వినరు. ఫిబ్రవరిలో కంకి పండి కోతకు మనుషులు చాలక అమ్మా నాన్నా పక్కింటివాళ్లను పిలుచుకునే వేళకు వాళ్లు మళ్లీ దిగువన, ఏదో తరగతి గదిలో ఉంటారు.